కలివిపండు

తెలుగు పల్లెల్లో కాలాన్ని పంచాంగం చూసి తెలుసుకొనేవారు కొందరైతే, పండును చూసి తెలుసుకొనేవారు మరికొందరు. సంక్రాంతి దగ్గరపడిందని గట్టుమీది రేగుచెట్టు చెబుతుంది. ఆ రేగుపండ్లే భోగినాడు భోగిపండ్లై పసిపిల్లల తలమీద రాలుతాయి. ఎండలు ముదిరాయని వాగు ఒడ్డున రంగు తిరిగిన ఈతగెల చెబుతుంది. తొలకరి మేఘం కనిపించే వేళకు నేరేడుచెట్టు కింది నేల ఊదారంగు పులుముకొంటుంది. వానలు వెనుకబట్టే నాటికి కొండవాలులలో సీతాఫలం కళ్ళు విప్పుతుంది. అడవిలోనూ గట్లమీదా పెరిగే ఈ చెట్లలో చాలావాటిని ఎవరూ నాటలేదు. ఎవరూ నీరు పోసి పెంచలేదు. అంగడిలో వీటికి పెద్ద వెల లేదు. అయినా బాల్యమనగానే ఈ పండ్ల రుచినే తలచుకొన్న తరాలు ఎన్నో గడిచాయి. ఈ వరుసలో ఈతకు తరువాత, నేరేడుకు కాస్త అటూ ఇటూగా వచ్చే పండు ఒకటి ఉంది. పుస్తకాలలో దాని ప్రస్తావన తక్కువ. పట్టణపు బజారులో దాని జాడ ఇంకా తక్కువ. అది కలివిపండు.

కలివి ఒక ముళ్ళపొద. సాధారణంగా మనిషి ఎత్తుకు కాస్త అటూ ఇటూగా పెరుగుతుంది. రాతినేల, ఎర్రనేల, కొండవాలు, పొలంగట్టు దానికి అన్నీ ఒకటే. ఆకులు దళసరిగా, నిగనిగలాడుతూ ఉంటాయి. కొమ్మలకు సూదుల వంటి ముళ్ళు జంటలు జంటలుగా నిలిచి ఉంటాయి. వేసవిలో మల్లెలను తలపించే చిన్నచిన్న తెల్లని పూలు పూసి, ఆ ముళ్ళపొద చుట్టూ చల్లని పరిమళం కమ్ముకొంటుంది. గన్నేరు, నందివర్ధనం చేరిన కుటుంబానికే కలివి కూడా చెందుతుంది. అందుచేతనే ఆకు తుంచినా, పచ్చికాయ కోసినా తెల్లని పాలు చిమ్ముతాయి. పచ్చికాయలో పులుపూ వగరూ కలిసి ఉంటాయి. అది పచ్చడికీ ఊరగాయకూ పనికి వస్తుంది. ముదిరే కొద్దీ ఎర్రబడి, పూర్తిగా పండిన నాటికి నల్లని ఊదారంగు తాలుస్తుంది. శనగగింజ కంటె కాస్త పెద్దదైన ఆ పండును నోట వేసుకొంటే మొదట తీపి, ఆ వెంటనే పులుపు, చివరకు పెదవులకు అంటుకొనే జిగురు మిగులుతాయి.

ప్రాంతాన్ని బట్టి దీని పేరు మారుతుంది. కలివి అని కొందరు, కలిమి అని కొందరు, కలే అని మరికొందరు అంటారు. కోస్తా జిల్లాలలో పప్పులోనూ పులిహోరలోనూ వేసుకొనే వాక్కాయ దీనికి తోబుట్టువు వంటిది. దాని కాయ పెద్దది, పులుపు మరింత ఎక్కువ. వాక్కాయను సంస్కృతంలో కరమర్దకమన్నారు; కృష్ణపాకఫలమని కూడా అన్నారు. పండి నల్లబడే ఫలమని ఆ రెండవ పేరుకు అర్థం. ఒక పండుకు ఇన్ని పేర్లు ఉన్నాయంటే, దానిని ఇందరు చూశారనీ, రుచి చూశారనీ, తమదిగా భావించారనీ గ్రహించవచ్చు.

కలివి తన పేరును ఒక పక్షికి సైతం ఇచ్చింది. కడప జిల్లా కొండల దిగువన, కలివి పొదలు విస్తరించిన చిట్టడవిలో రాత్రిపూట తిరిగే ఆ పక్షిని స్థానికులు కలివికోడి అన్నారు. శాస్త్రలోకం దానిని 1848లో గుర్తించింది. 1900 తరువాత అది ఎవరి కంటా పడకపోవడంతో అంతరించిపోయిందనే అందరూ భావించారు. 1986లో లంకమల ప్రాంతంలో అది మళ్ళీ కనిపించింది. దాని కోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. దాని నివాసాన్ని కాపాడడానికి తెలుగుగంగ కాలువ మార్గాన్ని సైతం మార్చవలసి వచ్చింది. ఇప్పటికీ అది అత్యంత ప్రమాదంలో ఉన్న పక్షులలో ఒకటి. పక్షి గురించి ప్రపంచం మాట్లాడింది. ఆ పక్షికి నీడనూ పేరునూ ఇచ్చిన పొద గురించి మాట్లాడినవారు అరుదు.

ఆ కొండల దిగువ పల్లెలలో ఒకదానిలో, ఒక ఇంట్లో మాత్రం ఏటా ఒకరోజు ఆ పొద గురించే మాటలన్నీ సాగుతాయి. మృగశిర కార్తె ప్రవేశించడానికి రెండు మూడు రోజుల ముందు ఆ ఇంటి అవ్వ కలివిపండ్లతో ఐస్‌క్రీమ్ చేస్తుంది. పల్లెకూ ఐస్‌క్రీముకూ, డెబ్బై దాటిన అవ్వకూ ఐస్‌క్రీముకూ ఏమి సంబంధమని ఎవరైనా అనుకోవచ్చు. దానికి ఒక కారణం ఉంది. ఆమె కుమారుడు ఎనిమిదేళ్ళ పిల్లవాడుగా ఉన్నప్పుడు తిరునాళ్ళలో ఒక వ్యాపారి పీపా తిప్పుతూ ఐస్‌క్రీమ్ చేయడం చూశాడు. ఆనాడు కొనిపెట్టడానికి తల్లి కొంగున డబ్బు లేదు. ఆమె చాలాసేపు ఆ పీపా దగ్గర నిలబడి, వ్యాపారి ఏమి చేస్తున్నాడో శ్రద్ధగా గమనించింది. మరుసటి వారం పట్టణానికి వెళ్ళిన వారిచేత మంచుగడ్డ తెప్పించింది. ఇంట్లో పాడి ఉంది, గట్టున కలివిపండ్లు ఉన్నాయి, కొట్టులో కల్లుప్పు ఉంది. కొన్నది మంచుగడ్డా పంచదారా మాత్రమే. ఆనాడు మొదలైన పని నేటికీ ఆగలేదు.

ఈ యేడు ఆ పనికి ఒక అడ్డంకి ఏర్పడింది. ఆనాటి ఎనిమిదేళ్ళ పిల్లవాడు ఇప్పుడు నడివయసు రైతు. చెలక పొడవునా పడమటి నుంచి తూర్పుకు సాగే గట్టును చదును చేయాలని అతడు నిశ్చయించాడు. అతడి లెక్కలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. వేరుశనగ వేసిన ప్రతి ఏటా అడవిపందుల బెడద పెరుగుతున్నది. ట్రాక్టరు రావడానికి సరైన బాట లేదు. కూలి ఖర్చులు పెరిగాయి. గట్టు తొలగితే మరో నాలుగు సాళ్ళ నేల కూడా కలిసి వస్తుంది. మట్టి తవ్వే యంత్రానికి అతడు బయానా కూడా ఇచ్చివచ్చాడు.

“గట్టు సదును చేస్తే ట్రాక్టరుకు దావ పడుతుందిమా. పందులు గూడా ఆ పొదల్లోనే దాక్కుంటాండాయి” అన్నాడు తల్లితో.

అవ్వ వాదించలేదు. “పండ్లు కోసుకున్నాక పిలిపిచ్చుకో నాయనా” అని మాత్రం అన్నది.

మరునాటి ఉదయం అవ్వ, మనవరాలు గంప పట్టుకొని గట్టుకు వెళ్ళారు. మనవరాలు పదవ తరగతి పూర్తిచేసి, జూనియర్ కళాశాలలో చేరడానికి సిద్ధంగా ఉన్న పిల్ల. కలివిపండ్లను కోయడం చూసినంత సులువు కాదు. ఒక చేతిలోని కర్రతో కొమ్మను పైకి లేపి, రెండవ చేతిని ముళ్ళ కిందినుంచి పోనిచ్చి, పండును అరచేతిలోకి రాల్చుకోవాలి. లాగితే ముల్లు దిగుతుంది; తొందరపడితే పచ్చికాయ కూడా ఊడి వస్తుంది. నల్లగా మిలమిలలాడే పండునే తీసుకోవాలి. ఎర్రనిది మరో రెండు రోజులు కొమ్మమీదనే ఉండాలి. పై కొమ్మలలోని పండ్లను అవ్వ ముట్టుకోలేదు.

“అవి పిగిలిపిట్టలవి పాపా. ఈ గట్టుమీద చెట్లు ఏసింది మనం కాదు, అవే” అన్నది.

ఆ మాటలో వృక్షశాస్త్రం ఉంది. పక్షులు పండును మింగి, గింజను మరోచోట విడుస్తాయి. ఆ విధంగానే ముళ్ళపొద గట్టు నుంచి గట్టుకు, కొండ నుంచి చెలకకు ప్రయాణిస్తుంది. ఆ ముళ్ళ నడుమ మొలచిన వేప మొక్కనో రేల మొక్కనో మేకలు సులభంగా అందుకోలేవు. కలివి తన నీడలో ఇతర చెట్లను కూడా పెంచి పెద్దచేస్తుంది. గట్టు మట్టిని దాని వేళ్ళు పట్టి ఉంచుతాయి. ఎవరికీ చెందని పొద ఇందరికి చెందుతుందని పుస్తకం చదివి తెలుసుకోవడం వేరు, దాని ముల్లు గుచ్చుకొన్న చేతితో తెలుసుకోవడం వేరు.

రెండు గంటలపాటు కోస్తే అర కిలోకు కాస్త పైగా పండ్లు వచ్చాయి. కలివిపండు రెండు రోజులకు మించి నిలువ ఉండదు. అది అంగడికి ఎక్కకపోవడానికి అదీ ఒక కారణమే. ఇంటికి రాగానే అవ్వ పండ్లను రెండు మూడు నీళ్ళలో కడిగి, తొడిమలు గిల్లి, స్టీలు గిన్నెలో వేసి, అరగ్లాసు నీరు పోసి సన్నని మంటమీద పెట్టింది. ఇనుప పాత్ర, కళాయి లేని ఇత్తడి పాత్ర ఇంతటి పులుపుకు పనికిరావు. పది నిమిషాలలో పండ్లు చిట్లి, చిక్కని ఎర్రరసం ఊరింది. దానిని జల్లెడలో వేసి గరిటెతో నొక్కితే గుజ్జు కిందికి దిగి, తొక్కా గింజలూ పైన మిగిలాయి. ఆ గుజ్జులో 150 గ్రాముల పంచదార వేసి, గరిటెకు అంటుకొనేదాకా మళ్ళీ ఉడికించింది. నల్లని పండునుంచి ఎర్రని రసం రావడం చూసి మనవరాలు ఆశ్చర్యపడింది. ఆ రంగుద్రవ్యం పులుపులో ఎర్రగా, పులుపు తగ్గినచోట ఊదాఛాయగా కనిపిస్తుంది. పాలలో కలిసినప్పుడు ఆ ఎరుపు లేత ఊదారంగుకు తిరగడానికి కారణమిదే.

ఆ పక్కనే రెండవ పొయ్యిమీద 2 లీటర్ల గేదెపాలు మరుగుతున్నాయి. అడుగంటకుండా కలియబెడుతూ, మీగడను అంచులనుంచి మళ్ళీ పాలలోకి తోస్తూ, సగానికి సగం ఇగిరేదాకా కాచడానికి గంటకు పైగా పట్టింది. గేదెపాలలో వెన్న ఎక్కువ గనుక వేరే మీగడ కలపవలసిన అవసరం రాలేదు. మరో 150 గ్రాముల పంచదార అందులో కరిగింది. రుచి చూసిన మనవరాలు తీపి కాస్త ఎక్కువైందన్నది. గడ్డకట్టిన తరువాత సరిపోతుందని అవ్వ బదులిచ్చింది. నాలుక చల్లబడినప్పుడు తీపి తక్కువగా తోస్తుంది. అందుచేత ఐస్‌క్రీమ్ కోసం కాచిన పాలు వేడిగా ఉన్నప్పుడు ఒక పిసరు ఎక్కువ తియ్యగానే ఉండాలి.

పాలు దించగానే ఎర్రరసాన్ని అందులో కలపబోయిన మనవరాలి చేతిని అవ్వ పట్టుకొని ఆపింది.

“ఉడుకుమీద ఉడుకు పోస్తే పాలు ఇరుగుతాయి పాపా. రెండిట్నీ సల్లారనీ” అన్నది.

పాలలోని మాంసకృత్తులు పులుపు తగిలితే ముద్దగట్టి నీటినుంచి విడిపోతాయి. వేడి ఉంటే ఆ విరుగుడు మరింత వేగంగా జరుగుతుంది. మరిగే పాలలో నిమ్మరసం పిండినప్పుడు జరిగేది అదే. పులుపునూ పాలనూ ఒకచోట చేర్చాలంటే ముందు రెండింటినీ చల్లబరచాలి. ఆ తరువాత పాలు సగం గడ్డకట్టేదాకా ఆగాలి. అప్పుడు పులుపు పాలతో తగవుపడకుండా సర్దుకొంటుంది. వంటింటి నియమమే అయినా, మనుషుల మధ్య మాటలకు సైతం అది వర్తిస్తుందేమో! తన కుమారుడితో అవ్వ ఆ ముందురోజు వాదించకపోవడానికి కారణం ఎవరూ అడగలేదు; ఆమె చెప్పనూ లేదు.

సాయంత్రానికి పట్టణం నుంచి 6 కిలోల మంచుగడ్డ వచ్చింది. ఊకలో పొదిగి, గోనెసంచిలో చుట్టి తెచ్చారు. ఇంట్లో ఫ్రిజ్ ఉన్నది కదా, ఈ శ్రమ ఎందుకని మనవరాలు అడిగింది. న్యాయమైన ప్రశ్నే. ఫ్రిజ్‌లో పెట్టినా పాలు గడ్డకడతాయి. కాని కదలిక లేకుండా నెమ్మదిగా గడ్డకట్టినప్పుడు అందులోని నీరు పెద్దపెద్ద స్ఫటికాలుగా మారుతుంది. చెంచా దిగదు, నోట్లో ఇసుకలా కరకరలాడుతుంది. త్వరగా చల్లబడుతూ, అదే సమయంలో ఎడతెగక కదులుతూ ఉంటే స్ఫటికాలు చిన్నవిగా ఉండిపోతాయి. కొంత గాలి కూడా చేరి మెత్తదనం వస్తుంది. ఐస్‌క్రీముకూ గడ్డకట్టిన పాలకూ ఉన్న భేదమంతా ఈ కదలికలో ఉన్నది.

మూతగల స్టీలు క్యానులో చల్లారిన పాలు పోశారు. పెద్ద బక్కెట్టు నడుమ ఆ క్యానును నిలిపి, చుట్టూ పగులగొట్టిన మంచుముక్కలనూ కల్లుప్పునూ వరుసలు వరుసలుగా పేర్చారు. 3 వంతుల మంచుకు 1 వంతు ఉప్పు. ఇక్కడ ఉప్పు చేసే పని విచిత్రమైనది. స్వచ్ఛమైన మంచు సున్నా డిగ్రీల వద్ద కరుగుతుంది. ఉప్పు తగిలితే అది అంతకంటె తక్కువ ఉష్ణోగ్రత వద్దనే కరగడం ప్రారంభిస్తుంది. ఒక గ్రాము మంచు కరగడానికి సుమారు 80 కేలరీల వేడి కావాలి. ఆ వేడిని అది తన చుట్టూ ఉన్నవాటినుంచి, ముఖ్యంగా లోహపు క్యానులోని పాలనుంచి లాక్కొంటుంది. బక్కెట్టులోని ఉప్పునీరు సున్నాకు 10, 15 డిగ్రీల దిగువకు చేరుతుంది. ఆ చలువకు పాలు క్యాను గోడలవెంట పొరలు పొరలుగా గడ్డకట్టసాగుతాయి.

చలువకోసం మనిషి పడిన పాట్లు చిన్నవి కావు. అక్బరు కాలంలో పెట్లుప్పు కలిపిన నీటిలో కూజాను తిప్పి తాగునీటిని చల్లబరచేవారని అబుల్ ఫజల్ రచించిన ‘ఐన్-ఇ-అక్బరీ’ తెలుపుతున్నది. పాదుషాకోసం ఉత్తరాది కొండలనుంచి మంచు కూడా తరలివచ్చేది. 1833లో అమెరికాలోని బోస్టన్ నగరం నుంచి బయలుదేరిన ఒక ఓడ, చలికాలంలో చెరువులమీద కోసిన మంచుగడ్డలను నాలుగు నెలలు ప్రయాణించి కలకత్తాకు చేర్చింది. దారిలో కరిగినది కరగగా మిగిలిన మంచును చూడడానికి జనం గుమిగూడారు. 1842లో చెన్నపట్నం సముద్రతీరాన అటువంటి మంచును నిలువచేయడానికే ఒక భవనం కట్టారు. 1897లో స్వామి వివేకానంద బసచేసిన ఆ ‘ఐస్ హౌస్’ నేడు ఆయన పేరుతో ఉన్నది. 1843లో అమెరికాలోని ఫిలడెల్ఫియాకు చెందిన నాన్సీ జాన్సన్ అనే మహిళ చేతితో తిప్పే ఐస్‌క్రీమ్ యంత్రానికి పేటెంటు పొందింది. పీపా, మంచు, ఉప్పు, తిప్పే చెయ్యి: తిరునాళ్ళలో అవ్వ చూసినది ఆ యంత్రపు వారసత్వాన్నే.

ఆ రోజులలో చలువ సముద్రాలు దాటి వచ్చేది. పండు మాత్రం గుమ్మం దిగితే గట్టుమీద ఉండేది. నేడు చలువ ప్రతి ఇంటా ఒక పెట్టెలో ఉంటున్నది. పండు మాత్రం దూరమైపోతున్నది.

క్యాను పిడిని పట్టుకొని ఇటు సగం చుట్టు, అటు సగం చుట్టు తిప్పడం మనవరాలి వంతు. అయిదు నిమిషాలకొకసారి మూత తీసి, గోడలకు అంటిన పొరను కొయ్యతెడ్డుతో గీకి నడుమకు తోయడం అవ్వ వంతు. మూత తీసేముందు చుట్టూ ఉన్న ఉప్పునీటిని గుడ్డతో తుడవాలి. ఒక్క చుక్క లోపల పడినా శ్రమంతా వృథా అవుతుంది. ఇరవై నిమిషాలకు పాలు చిక్కని గంజిలా మారాయి. అప్పుడు చల్లారిన కలివిరసాన్ని సన్నని ధారగా పోసి కలిపారు. తెల్లని పాలమీద ఎర్రని చారలు విప్పారి, నెమ్మదిగా ఒకటై, తుమ్మెదలు వాలిన తామరపూవు వంటి ఒక రంగు వచ్చింది. మరో ఇరవై నిమిషాలు తిప్పేసరికి మనవరాలి భుజాలు నొప్పెక్కాయి. క్యాను బరువెక్కి, ఇక కదలనన్నది.

పట్టణంలో ఐస్‌క్రీమ్ మీద ఎర్రని చెర్రీపండు పెడతారని, దీనిమీద కూడా ఒకటి పెడితే బాగుంటుందని మనవరాలు అన్నది. ఆ చెర్రీపండు కథ ఆ పిల్లకు తెలియదు. కేకుల మీదా రొట్టెలలోనూ తీపి పాన్‌లోనూ ఐస్‌క్రీములపైనా కనిపించే ఆ ఎర్రని పండు మనదేశంలో చాలాచోట్ల చెర్రీ కానేకాదు, అది వాక్కాయ. పచ్చికాయలోని గింజలు తీసి, ఉప్పునీటిలో ఊరబెట్టి, ఉడికించి, రంగు వేసి, పంచదార పాకంలో రోజుల తరబడి నానబెడతారు. దాని పులుపు పోతుంది, వగరు పోతుంది, సొంత రంగు పోతుంది. చివరకు పేరు కూడా పోతుంది. ఆ తరువాతనే దానికి అద్దాల బీరువాలో స్థానం లభిస్తుంది. తాను పుట్టిన నేలమీదనే మరో దేశపు పండు పేరుతో చెలామణి కావలసిన గతి ఒక కాయకు పట్టడం వింతే. కలివి చేసిన అదృష్టమో ఏమో, చిన్నదైనందువల్ల దానికి ఆ గతి పట్టలేదు. అయితే దానికి పట్టిన గతి మరొకటి. దానిని ఎవరూ పిలవకుండానే మరచిపోతున్నారు.

దీపాలు పెట్టే వేళకు ఇంటిల్లిపాదీ అరుగుమీద కూర్చున్నారు. అవ్వ స్టీలు గిన్నెలలో వడ్డించింది. మొదట పాలకమ్మదనం నాలుకను పలకరించింది. అది కరిగే లోపలే కలివి పులుపు మెరుపులా మెరిసి, దవడలను జివ్వుమనిపించి, మళ్ళీ తీపిలో కలిసిపోయింది. చివరన నిలిచిన సన్నని వగరు మరో చెంచాకు ఆహ్వానం పలికింది. పులుపు లేకపోతే అది కేవలం తియ్యని పాలముద్ద. పాలు లేకపోతే ఆ పండును అర డజనుకు మించి తినడం కష్టం. రెండూ ఒకదాని లోపాన్ని మరొకటి పూరించుకొన్నాయి.

కుమారుడు మొదటి గిన్నె మాట్లాడకుండా తిన్నాడు. రెండవ గిన్నె తానే అడిగి పెట్టించుకొన్నాడు. ఎన్ని గంటలు కోశారని కూతురిని అడిగాడు. ఏ మూల పొదలు ఎక్కువ కాశాయని కూడా అడిగాడు. పడమటి మూల, బావి పక్కనున్నవని ఆ పిల్ల చెప్పింది. తిరునాళ్ళ మాట ఎవరూ ఎత్తలేదు.

మూడవనాడు యంత్రం వచ్చింది. తూర్పు కొసనుంచి పని మొదలుపెట్టించి, రైతు దాని వెంటనే నడిచాడు. మధ్యాహ్నానికి ముప్పావు వంతు గట్టు చదునైంది. పెళ్ళగించిన పొదలు వేళ్ళతో సహా కుప్పగా పడ్డాయి. వాటిలో ఇంకా పండని ఎర్రకాయలు కనిపిస్తున్నాయి. యంత్రం బావి దగ్గరికి రాగానే అతడు చెయ్యెత్తి ఆపాడు.

“పడమటి మూల వద్దులే. ఆడ దావతో పనిలేదు” అన్నాడు.

డజను పొదలు మిగిలాయి. పోయినవి అంతకు మూడు నాలుగు రెట్లు. ట్రాక్టరుకు బాట ఏర్పడింది. అతడికి కావలసినది చాలావరకు సమకూరింది. అవ్వకు కావలసినది కొంతవరకు మిగిలింది. పల్లెలలో మంచి ఒప్పందాలు తరచుగా ఈ విధంగానే కుదురుతాయి. వాటికి పత్రాలు ఉండవు, సంతకాలు ఉండవు.

ఐస్‌క్రీమ్ చేసిన రోజున జల్లెడలో మిగిలిన గింజలు ఉడికినవి, మొలకెత్తవు. అందువల్ల ఆ రోజుననే అవ్వ గుప్పెడు మంచి పండ్లను ఉడికించకుండా పక్కకు తీసి ఉంచింది. యంత్రం వెళ్ళిన సాయంత్రం వాటిని నీటిలో పిసికి గింజలను వేరుచేసింది. ఈ జాతి గింజలు ఎండబెట్టి దాచుకొంటే మొలకెత్తే శక్తిని త్వరగా కోల్పోతాయి. తీసిన వెంటనే విత్తాలి. మట్టీ పెంటఎరువూ నింపిన ముప్పై ప్లాస్టిక్ సంచులలో అవ్వా మనవరాలూ కలిసి గింజలు నాటారు. మరో వారానికి ఆ పిల్ల పట్టణంలోని కళాశాలలో చేరడానికి వెళ్ళిపోయింది. నెల తిరిగాక ఫోనులో క్షేమసమాచారాలు అయిన వెంటనే సంచుల సంగతి అడిగింది.

“పద్దెనిమిది మొలిసినాయి పాపా. రెండేసి ఆకులు ఏసినాయి” అన్నది అవ్వ.

ఒక పొద పెరిగి కాపుకు రావడానికి కొన్నేళ్ళు పడుతుంది. యంత్రానికి దానిని పెళ్ళగించడానికి అర నిమిషం చాలు. ఈ రెండు కాలాల నడుమ ఉన్న తేడాను పూరించగలిగినది మనిషి జ్ఞాపకం ఒక్కటే. ఆ జ్ఞాపకం మాటలలో కంటె చేతులలోనూ నాలుకమీదా ఎక్కువ కాలం నిలుస్తుంది. ముల్లు తప్పించి పండు రాల్చడం తెలిసిన చెయ్యి, ఎర్రకాయకూ నల్లపండుకూ భేదమెరిగిన కన్ను, పులుపులోని తీపిని గుర్తించిన నాలుక ఒక ఇంట్లో ఉన్నంతకాలం ఆ గట్టుమీద కలివికి చోటు ఉంటుంది. పై కొమ్మలలో పిగిలిపిట్టల వాటా కూడా ఉంటుంది.